పాండు నోటి గాయం

2013 మే 20, సోమవారం. ఉదయం 6:20.

శంషాబాద్ దాటాక, ఔటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డు పక్కన ఆరెకరాల్లో లాన్ గడ్డి పెంచే నర్సరీ. షెడ్డు ముందు నులకమంచం. మంచం మీద కుర్మయ్య శవం.

వయసు యాభై ఎనిమిది. పదేళ్ళుగా ఆ నేలకు నీళ్ళు కడుతున్నాడు. పంచె మోకాళ్ళ దాకా తడిసి ఉంది. ఒంటిమీద దెబ్బ లేదు. రక్తం లేదు.

మంచం కింద అతని కుక్క పాండు పడుకుని ఉంది. నోటి నుంచి చొంగ కారుతోంది. మూతి వాచింది.

"గుండెనొప్పి అన్నడు. మంచం మీద ఒరిగిండు. అంతే," అన్నాడు నర్సరీ యజమాని జగన్.

కుర్మయ్య నాలుగేళ్ళుగా గుండె మాత్రలు మింగుతున్న సంగతి ఊరందరికీ తెలుసు. ఎవరూ ఇంకో ప్రశ్న వేయలేదు.

కుక్క సంగతి మాత్రం వేరే దారి పట్టింది.

"దాని మూతి కాలింది సూడుండ్రి," అన్నారెవరో ఏడు దాటాక.

ఆదివారం సాయంత్రం సర్వీస్ రోడ్డు మలుపులో ఇస్హాక్ బజ్జీల బండి దగ్గర గొడవైంది. పాండు బండి మీది పళ్ళెం లాగింది. ఇస్హాక్ గరిటె ఎత్తి అరిచాడు. "ఇంకోపాలి వస్తే కాగిన నూనె పోస్త!" పదిమంది విన్నారు.

ఎనిమిదింటికల్లా ఊళ్ళో ఒకే మాట. ఇస్హాక్ కుక్క మీద నూనె పోశాడు. దాని గతి చూసి కుర్మయ్య గుండె ఆగిపోయింది.

తొమ్మిదిన్నరకు బజ్జీల బండి బోర్లా పడింది.

*

10:05. ఎస్సై నిర్మల జీపు మలుపులో ఆగింది.

ముప్పై మందికి పైగా ఉన్నారు. ఎండ మాడుస్తోంది. తలల మీదుగా ఒక విమానం కిందికి దిగుతూ పోయింది. ఆ మోత తగ్గేదాకా ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు.

ఇస్హాక్ తన ఆటోలో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో గోనెపట్టా. పట్టాలో పాండు.

"ఈ కుక్క నీ దగ్గరెందుకుంది?"

"భాగ్యమ్మక్కను అడిగి తెచ్చిన మేడం. నేను పొయ్యలే. అల్లా కసమ్ పొయ్యలే. డాక్టర్ కు చూపిస్త. నూనె కాదని డాక్టరే చెప్పాలె."

"నూనె కాకపోతే ఏంది మరి?"

"నాకేం తెలుసు మేడం? నేను పొయ్యలే, గంతే తెలుసు."

భాగ్యమ్మ కుర్మయ్య భార్య. భర్త శవం ఇంటిముందు ఉండగానే ఆమె ఆ కుక్క మూతికి పసుపు పూసి ఇస్హాక్ చేతికి ఇచ్చింది. అది నిర్మలకు వింతగా తోచింది. భర్త చావుకు కారణమని ఊరంతా అంటున్న మనిషికే ఇచ్చింది.

"దహనం ఎన్ని గంటలకు?" అని గుంపులో ఒకతన్ని అడిగింది.

"పన్నెండింటికి మేడం. జగన్ సారు కట్టెలు గిట్ల అన్నీ తెప్పిచ్చిండు."

నిర్మల వాచీ చూసుకుంది. 10:12. ఇద్దరు కానిస్టేబుళ్ళను బండి దగ్గర ఉంచింది.

"నడువు ఇస్హాక్. నీ వెనకనే వస్త."

*

10:35. బస్టాండు వెనక వీధిలో డాక్టర్ బిల్కీస్ పెంపుడు జంతువుల క్లినిక్.

బిల్కీస్ ముందు కుక్కను ముట్టుకోలేదు. దాని పొట్ట వైపు చూస్తూ నిలబడింది. చేతి గడియారం చూస్తూ పెదాలు కదిపింది.

"నిమిషానికి యాభై నాలుగు సార్లు ఊపిరి తీస్తోంది. ముప్పై దాటకూడదు. ఆక్సిజన్!"

అసిస్టెంట్ మాస్క్ తెచ్చాడు. బిల్కీస్ ఒక మెత్తటి పట్టీతో మూతిని వదులుగా కట్టబోయి మానేసింది. ఊపిరికి అడ్డం అవుతుంది. తువ్వాలుతో మెడ చుట్టూ పట్టుకోమంది.

"జాగ్రత్త. కాలిన నొప్పిలో పెంచినవాళ్ళనైనా కరుస్తుంది."

ముందు నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చింది. తర్వాత సెలైన్ నీళ్ళతో మూతి కడగడం మొదలుపెట్టింది. పసుపు ముద్దలుగా ఊడి ట్రేలో పడింది. పసుపు కింద తెల్లటి పూత ఏదో ఉంది. అదీ నురగలా కారిపోయింది. గదిలో సన్నగా పుదీనా వాసన వచ్చింది.

"ఇంట్లో ఏది కనబడితే అది పూస్తారు," అని విసుక్కుంది బిల్కీస్. "కాలితే చల్లటి నీళ్ళు పోయాలి. పది పదిహేను నిమిషాలు పోయాలి. ఐసు పెట్టొద్దు. పసుపు, నూనె, ఇంకు ఏదీ పూయొద్దు. లోపల ఎంత కాలిందో కనబడదు, పైగా చీము పడుతుంది."

"నూనె కాలిందా డాక్టర్?" నిర్మల అడిగింది.

"ఒక్క నిమిషం."

బిల్కీస్ టార్చి తీసింది. కుక్క మెడ, ఛాతీ, ముందుకాళ్ళు వేళ్ళతో వెతికింది. వెంట్రుకలు పాయలు తీసి తీసి చర్మం చూసింది. తర్వాత పెదవి ఎత్తింది.

నోటి రెండు మూలల్లో రెండు మచ్చలు. మధ్యలో బూడిదరంగు, చుట్టూ ఎర్రటి అంచు. నాలుక మీద అడ్డంగా ఒక పాలిపోయిన గీత. అంగిట్లో ఇంకోటి.

ఆమె టార్చి ఆర్పింది.

"వేడినూనె పోస్తే కిందికి కారుతుంది. గడ్డం కాలుతుంది, ఛాతీ కాలుతుంది. వెంట్రుకలకు జిడ్డు అంటుకుంటుంది. దీని వెంట్రుకల మీద చుక్క జిడ్డు లేదు. కాలింది నోటి లోపల మాత్రమే. అదీ ఒక గీతలాగా."

"అంటే?"

"ఇది కరెంటు. ఈ కుక్క కరెంటు ఉన్న వైరును పళ్ళతో పట్టుకుంది."

"చెప్పిన కద మేడం!" అన్నాడు ఇస్హాక్.

నిర్మల కుక్క పొట్ట వైపు చూసింది. "ఊపిరి ఎందుకు గట్ల తీస్తుంది?"

"షాక్ కొట్టిన కొన్ని గంటలకు ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. పైకి చిన్న మచ్చే కనబడుతుంది. ఇంటివాళ్ళు నోటి పుండు అనుకుంటారు. సాయంత్రానికి కుక్క చచ్చిపోతుంది. దీనికి నీరు తగ్గే మందు ఇస్తున్నా. షాక్ కొట్టినప్పటి నుంచి ముప్పై ఆరు గంటలు గడవాలి."

"షాక్ ఎప్పుడు కొట్టింది?"

"ఇవాళ తెల్లవారుజామునే. నాలుక మీద కాలిన కండ ఇంకా ఊడలేదు. అది ఊడడానికి రోజులు పడుతుంది."

కుర్మయ్య తెల్లవారుజామునే చనిపోయాడు. మలుపులో గుంపు చెప్పిన మాట నిర్మలకు గుర్తొచ్చింది: పంచె మోకాళ్ళ దాకా తడిసి ఉంది. కుక్క అతన్ని వదిలి ఎక్కడికీ పోదు.

నిర్మల వాచీ చూసుకుంది. 11:05.

"డాక్టర్, తడికాళ్ళ మనిషికి షాక్ కొడితే ఒంటిమీద మచ్చ పడుతుందా?"

"నేను పశువుల డాక్టర్ని. కానీ తడిలో ఒక్కోసారి ఏమీ కనబడదని చదివా. గుండె ఆగినట్టే ఉంటుంది."

నిర్మల అప్పటికే మెట్లు దిగుతోంది.

*

11:28. పాడె ఇంటిముందు నుంచి లేచింది.

జీపు అడ్డంగా ఆగింది. డప్పులు ఆగిపోయాయి.

"శవాన్ని దించుండ్రి," అంది నిర్మల. "పోస్టుమార్టం చేయాలె."

గుంపు ఒక్కసారి ఎగిసింది. జగన్ ముందుకొచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో రెండు సెల్‌ఫోన్లు.

"గిదేంది మేడం? గుండెనొప్పితో పోయిన మనిషి. ఈ ఎండల శవాన్ని కోయిస్తరా? పెద్దమనుషులందరు ఉన్నరు. జర ఆలోచించుండ్రి."

"నేను ఇంటామెను అడుగుత. మిమ్మల్ని కాదు."

భాగ్యమ్మ పాడె పక్కన నడుస్తోంది. నిర్మల ఆమె చెవి దగ్గర వంగి నాలుగు మాటలు చెప్పింది. కుక్క నోట్లో ఏముందో చెప్పింది. ఏమి అనుమానమో చెప్పింది. తేలకపోవచ్చని కూడా చెప్పింది.

భాగ్యమ్మ ఆమె ముఖంలోకి చూసింది.

"పొద్దుగాల నుంచి నా మనసు ఒప్పుకుంటలే బిడ్డా. ఆయనకు నొప్పొస్తే మంచమెక్కడు. ఇంటికొస్తడు. మొన్న వచ్చినప్పుడు గట్లనే వచ్చిండు." ఆమె పాడె మోస్తున్న వాళ్ళ వైపు తిరిగింది. "దించుండ్రి."

"అక్కా, నీకు తెల్వదు..." అన్నాడు జగన్.

"దించుమంటున్న."

దించారు.

12:40కి శవం పెద్దాసుపత్రికి బయల్దేరింది. భాగ్యమ్మ ఆస్పత్రికి పోతానంది. లోపలికి రానివ్వరని నిర్మల చెప్పింది. అప్పుడామె కుక్క దగ్గరికి తీసుకుపొమ్మంది.

*

1:15. నర్సరీ.

నిర్మల పొలం చుట్టూ ఒకసారి తిరిగింది. పచ్చటి గడ్డి. దక్షిణం వైపు నాలుగైదు చోట్ల నేల కోడి కెలికినట్టుంది. కానీ కోడి కాదు. అడవిపందులు ముట్టెతో తవ్విన గుంటలు.

ఆ వైపే గట్టు పొడవునా చిన్న చిన్న రంధ్రాలు. ప్రతి పది అడుగులకు ఒకటి. కర్రలు పాతి తీసిన గుర్తులు. తడిమన్ను ఇంకా ఆరలేదు. కర్రలు లేవు. వైరు లేదు.

"ఇవేంది?"

"గడ్డి కొలతలకు పాతిన కర్రలు మేడం," అన్నాడు జగన్. "అయినా కరెంటు షాక్ అంటున్నరట. నాకు నవ్వొస్తుంది. బోరు లైనుకు కరెంటు ఈ వారమంతా పదింటికి ఇస్తున్నరు. నిన్న రెండింటికి పోయింది. మళ్ళ ఇయ్యాల పదింటికే వచ్చింది. సబ్‌స్టేషన్‌ల అడుగుండ్రి. లేని కరెంటు ఎట్ల కొడ్తది?"

నిర్మల అడిగింది. నిజమే. ఆ లైనులో తెల్లవారుజామున కరెంటు లేదు. కుర్మయ్య పొద్దున కట్టేది పగలు నింపిన తొట్టి నీళ్ళే.

ఆమె గట్టు మీద నిలబడిపోయింది. చెమట కాలరు లోపలికి జారుతోంది. కుక్క నోట్లో మచ్చ ఉంది. వైరు లేదు. కరెంటూ లేదు.

ఇంకో విమానం లేచింది. ఆమె తలెత్తింది. విమానం దాటిపోయినా తల దించలేదు. గట్టుకు ఇరవై అడుగుల దూరంలో సర్వీస్ రోడ్డు. రోడ్డు వెంట వీధిలైట్ల స్తంభాలు.

వీధిలైట్లు రాత్రంతా వెలుగుతాయి.

1:50కి లైన్‌మన్ బిక్షం నిచ్చెనతో వచ్చాడు. స్తంభం ఎక్కాడు. పైనుంచే అరిచాడు.

"మేడం! ఈడ ఎవరో వైరుకు కొండి కట్టి తగిలిచ్చిండ్రు. తీగ మీద కొత్త గీరలున్నయ్. తళతళ మెరుస్తున్నయ్. బోరు లైను కాదు మేడం. ఇది వీధిలైట్లది, పొద్దుమీకి ఆరున్నరకు వచ్చి పొద్దుగాల ఆరింటికి పోతది."

జగన్ రెండు ఫోన్లూ జేబులో పెట్టుకున్నాడు.

"రోడ్డు మీద కరెంటు ఎవడైన దొంగతనం చేస్తడు. నాకేం సంబంధం?"

 నిర్మలకు తెలుసు. గీరలకు పేరుండదు.

*

3:40. పెద్దాసుపత్రి నుంచి ఫోన్. ఎడమ చీలమండ దగ్గర మినపగింజంత మచ్చ. మధ్యలో గుంట, అంచు గట్టిగా, పాలిపోయి ఉంది. ముల్లు గీరుకుందని అందరూ వదిలేసిన మచ్చ. కరెంటుదే కావచ్చు.

"ఎవరు" అన్నదే మిగిలింది.

4:30కి నిర్మల అందరినీ క్లినిక్‌కు రప్పించింది. జగన్ వచ్చాడు. ఇస్హాక్ పొద్దుటి నుంచి అక్కడే ఉన్నాడు. నర్సరీ మోటార్లు చూసే ఎలక్ట్రీషియన్ చందు వచ్చాడు. పాతికేళ్ళవాడు. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

భాగ్యమ్మ బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. ఒక చెయ్యి పాండు పొట్ట మీద ఉంది. ఊపిరి నలభై నాలుగుకు తగ్గింది.

"చందూ, పొద్దున ఎక్కడున్నవ్?"

"ఇంట్ల మేడం. ఏడింటికి లేసిన. అప్పుడే తెలిసింది కుర్మయ్య పెదనాన్న పోయిండని."

"నర్సరీకి పోయినవా?"

"పోలే. సీదా పెదనాన్న ఇంటికే పోయిన."

"కుక్కను చూసినవా?"

"లేదు మేడం. ఇప్పుడే చూస్తున్న."

"ఇస్హాక్, కుక్క నీ చేతికొచ్చినప్పుడు మూతికి ఏముంది?"

"పసుపు మేడం. పసుపే."

"అమ్మా, నువ్వు ఏం పూసినవ్?"

"పసుపు, నీళ్ళల్ల కలిపి," అంది భాగ్యమ్మ.

"ఇంకేం పూయలేదా? తెల్లది ఏదన్నా?"

"లేదు బిడ్డా. అది నా దగ్గరికొచ్చేసరికే మూతికి తెల్లగ ఏదో ఉండె. సొంగ ఎండిందనుకున్న."

నిర్మల డాక్టర్ వైపు తిరిగింది. "పసుపు కింద తెల్లటి పూత ఉండె. పుదీనా వాసన వచ్చింది. అది ఏంది డాక్టర్?"

బిల్కీస్ ట్రే తెచ్చింది. దూది మీద ఇంకా మిగిలి ఉంది. వాసన చూసింది.

"టూత్‌పేస్ట్."

"మా ఇంట్ల పేస్టు లేదు," అంది భాగ్యమ్మ. "మేం పండ్లపొడితోనే తోముకుంటం."

నిర్మల గది మధ్యకు వచ్చింది. గొంతు పెంచలేదు.

"మన ఇండ్లల్ల టూత్‌పేస్ట్ ఎప్పుడు పూస్తం? ఒళ్ళు కాలితే. పొద్దుగాల ఆరుంబావుకు ఊర్ల ఎవరికీ తెల్వదు ఈ కుక్క మూతి కాలిందని. నూనె మాట పుట్టింది ఎనిమిదింటికి. మరి భాగ్యమ్మ పసుపు పూయకముందే దీనికి పేస్టు పూసినోళ్ళు ఎవరు? ఇది కాలిన గాయం అని వాళ్ళకెట్ల తెలిసింది?"

 ఆక్సిజన్ సిలిండర్ బుసబుసమంటోంది.

"షెడ్డు నల్లా దగ్గర జగన్ గారి పేస్టు ఉంది. నేను చూసిన."

"నేను కుక్కను ముట్టలేదు!" అన్నాడు జగన్. వెంటనే అన్నాడు. "నాకు కుక్కలంటేనే పడదు."

"నమ్ముత," అంది నిర్మల. "మీరు పూయలేదు. కుక్క మీద జాలి ఉన్నోళ్ళు పూసిండ్రు. డాక్టర్, నొప్పిల ఉన్న కుక్క మూతికి పేస్టు పూస్తే ఏం జరుగుతది?"

"కరుస్తుంది."

"కరిస్తే?"

"దీనికి రేబిస్ టీకా వేయించారా అమ్మా?"

"లేదు డాక్టరమ్మా. రోడ్డు మీద దొరికిన కుక్క."

బిల్కీస్ ముఖం మారింది. "అయితే కరిపించుకున్నవాళ్ళు ఇవాళే ఇంజెక్షన్ వేయించుకోవాలి. సబ్బుతో పావుగంట కడగాలి. దీనికి రేబిస్ ఉందని నేను అనడం లేదు. లేదని కూడా చెప్పలేను. ఆ జబ్బు బయటపడ్డాక మందు లేదు."

నిర్మల చందు కుడిచేతి వైపు చూసింది. బొటనవేలు చుట్టూ నల్లటి ఇన్సులేషన్ టేపు.

"అదేంది?"

"స్క్రూడ్రైవర్ జారింది మేడం."

"ఇప్పు."

చందు ఇప్పలేదు. వేలిని గుప్పిట్లో దాచుకున్నాడు. కళ్ళు పాండు మీద ఆగాయి. తర్వాత జగన్ మీదికి పోయాయి.

"వాణ్ని ఎందుకు సతాయిస్తున్నరు?" జగన్ లేచాడు. "చందూ, నువ్వేం మాట్లాడకు. లాయర్‌ను పిలుస్త."

"లాయర్ను పిలువుండ్రి. ముందు వాని ప్రాణం సంగతి తేలనియ్యుండ్రి," అంది నిర్మల. "చందూ, నువ్వు నాకు ఏం చెప్పకున్నా సరే. డాక్టరుకు మాత్రం వేలు చూపియ్యి."

చందు నెమ్మదిగా టేపు ఊడదీశాడు. గోరు పక్కన రెండు పంటి గాట్లు. నల్లబడ్డాయి.

అతను టేపు ముక్కను ట్రేలో పడేశాడు.

"నిన్న పొద్దుమీకి సార్ చెప్పిండు మేడం. పందులు గడ్డి ఖరాబు చేస్తున్నయ్, గట్టుకు వైరు కట్టి స్తంభానికి తగిలించమన్నడు. కట్టిన. కుర్మయ్య పెదనాన్నకు చెప్పుండ్రి అన్న. చెప్తనన్నడు."

"అబద్ధం!" అన్నాడు జగన్.

"పొద్దుగాల అయిదూ నలభైకి ఫోన్ చేసిండు సార్. నా ఫోన్ల ఉంది చూడుండ్రి. బండి మీద పది నిమిషాల్ల పోయిన. పెదనాన్న నీళ్ళల్ల పడి ఉన్నడు. కాలి పక్కన వైరు. పాండు అవతల పడి మూలుగుతున్నది. అది వైరును కొరికి లాగింది కావచ్చు. నేను కొండి తీసిన. కర్రలు, వైరు సార్ కారు డిక్కీల ఏసిన. ఇద్దరం మోసి మంచం మీద పండబెట్టినం. పాండు మూతి చూస్తే ఓర్వలే. పేస్టు పూసిన. కరిచింది."

భాగ్యమ్మ స్టూలు మీద నుంచి లేచింది. చందు దగ్గరికి వచ్చింది.

"ఒక్కటి చెప్పు బిడ్డా. నువ్వు పోయేసరికి ఆయనకు పాణం ఉండెనా?"

చందు తల దించుకున్నాడు.

"చెప్పు."

"చెయ్యి... చెయ్యి కదులుతుండె పెద్దమ్మా. 108కి చేద్దాం సారూ అన్న. ముందుగాల కర్రలు పీకుమన్నడు. అందరు చూస్తరు, కర్రలు పీకినంక చేద్దమన్నడు. నేను పీకి వచ్చేసరికి..."



ఇస్హాక్ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. బిల్కీస్ దూదిని ట్రేలో పెట్టేసింది.

భాగ్యమ్మ జగన్ ముందు నిలబడింది. తిట్టలేదు. చెయ్యి ఎత్తలేదు.

"పదేండ్లు నీకు నీళ్ళు కట్టిండు. పంది కోసం పెట్టినవ్ సరే. పడ్డది మనిషని చూసినవ్ కద సారూ."

జగన్ నేల చూపులు చూశాడు.

5:10. బయట కారు డిక్కీలో ఇనుపవైరు చుట్ట దొరికింది. నలభై రెండు కర్రలు దొరికాయి. వైరు మీద ఒకచోట కుక్క వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. నిర్మల ఇద్దరినీ అరెస్టు చేసింది. జగన్‌ను స్టేషన్‌కు పంపింది. చందును మాత్రం ముందు సర్కారు దవాఖానకు తీసుకుపోయింది. ఇంజెక్షన్ వేయించాకే లాకప్‌కు.

*

మర్నాడు తొమ్మిదింటికి కుర్మయ్య దహనం జరిగింది. ఇస్హాక్ వెనకాల నడిచాడు. బండి బోర్లించిన వాళ్ళలో ఒకతను అతని పక్కకు వచ్చి శ్మశానం దాకా కలిసి నడిచాడు.

మంగళవారం సాయంత్రం గడువు దాటింది. పాండు ఊపిరి ఇరవై ఎనిమిదికి దిగింది. ఆరో రోజు నాలుక అంచున చచ్చిన కండ ఊడిపోయింది. ఎనిమిదో రోజు చల్లటి జావ తనంతట తానే తాగింది.

తొమ్మిదో రోజు ఉదయం 8:45కు భాగ్యమ్మ స్టేషన్‌కు వచ్చింది. కుక్క వెంట ఉంది.

నిర్మల కుర్చీ చూపించింది. ఆమె కూర్చోలేదు.

"చార్జిషీట్ తొందరగానే ఏస్తం అమ్మా. నువ్వు పరేషాన్ కాకు."

"దానికి రాలేదు బిడ్డా."

"మరి?"

"నిన్న తుక్కుగూడ దిక్కు మా అక్క ఇంటికి పోయిన. తొవ్వల రెండు తోటలకు గట్టు మీద గట్లనే కర్రలు పాతి ఉన్నయ్. నడుమ వైరు. పొద్దుగాల నీళ్ళు కట్టనీకి పోతున్నడు ఒకాయన. అన్నా, ఆగు అని మొత్తుకున్న. ఆయనకు తెల్వనే తెల్వదంట." ఆమె ఊపిరి పీల్చుకుంది. "ఇంక ఎన్ని ఉన్నయో. ఒకసారి తిరిగి చూడరాదు?"

నిర్మల టోపీ అందుకుంది. నడుస్తూనే ఫోన్ తీసింది.

"బిక్షం, నిచ్చెన పట్టుకుని రోడ్డు మీదికి రా. ఇప్పుడే."